రంపానికి మీసాలుంటాయా?

“సార్ రాలేదా అక్కా?”

అనంతపురంలో ఓ హార్డువేరు షాపులో నిలబడి “కరెంటు రంపం చూపించు నాయనా” అని అడిగితే నాకొచ్చిన జవాబు ఇది.

షాపతను మంచివాడే. స్టూలు వేశాడు. ఫ్యాను నావైపు తిప్పాడు. మంచినీళ్ళు తెప్పించాడు. రంపం ఒక్కటి మాత్రం చూపించడు. “సార్‌కి ఫోన్ చేయండక్కా, ఏ మిషన్ కావల్లో సార్‌తో మాట్లాడతా” అంటాడు. మా సారు సంగతి అతనికేం తెలుసు! గోడకు మేకు కొట్టమంటే మేకెక్కడుందో నన్నడిగి, సుత్తెక్కడుందో నన్నడిగి, చివరికి ఏ గోడకో కూడా నన్నే అడిగే మనిషి.

అదే వీధిలో ధర్మవరం పట్టుచీర కొనడానికి వెళ్ళి ఉంటే? “సార్ రాలేదా” అని ఒక్కరైనా అడుగుతారా? నలభై చీరలు మడతలు విప్పి కుప్ప పోస్తారు. ఆ కుప్పలో ఓ మంచి చీర ఖరీదు పెడితే నేనడిగిన మిషన్లు మూడొస్తాయి. అంటే డబ్బు దగ్గర మన మాట చెల్లుతుంది. పళ్ళున్న వస్తువు దగ్గరికొచ్చేసరికి చెల్లదు. రంపానికేమన్నా మీసాలుంటాయా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అందుకే ఇదంతా ఇక్కడ రాస్తున్నాను.

“నవలలు రాసుకునేదానివి, నీకు రంపమెందుకమ్మా?” అని మీరూ అనుకోవచ్చు. మీ ఇల్లు ఒక్కసారి కలయజూడండి. సింకు కింద ప్లైవుడ్డు పలక తడికి నాని పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. దోమల జాలీ చట్రం ఒక పక్క ఊడి ఉంటుంది. పిల్లల పుస్తకాలు మంచం కింద ఉంటాయి, రెండు పలకలు లేక. పెరటి తలుపు నేలకు రాసుకుంటూ ఏడుస్తుంటుంది. ఒక్కొక్కటీ అరగంట పని. ఈ అరగంట పనులకు వడ్రంగి రాడు. అతని తప్పేం లేదు. మిషన్లన్నీ ఆటోలో వేసుకుని వచ్చి ఒక పలక కోసి పోతే అతనికి ఆ పూట గిట్టదు. పైగా పని బాగా తెలిసినవాళ్ళు మన జిల్లాలో ఎంతమంది మిగిలారు? వానలు లేని ఊళ్ళ నుంచి రైతులు బెంగుళూరు బస్సెక్కినట్టే, వాళ్ళ వెనకాలే ఆచార్లూ ఎక్కారు. అక్కడ అపార్టుమెంట్లకు వార్డ్‌రోబులు చేస్తున్నారు.

నేను రంపం కొంటానని ఇంట్లో అన్నప్పుడు జరిగిన సభ గురించి చెప్పాలి. మావారు “ఎన్ని వాట్లు?” అన్నారు. మా మరిది “బ్లేడు ఎన్ని అంగుళాలొదినా? పెద్దది తీసుకోండి, చిన్నవి ఆటబొమ్మలు” అన్నాడు. పక్కింటాయన పిలవకుండానే వచ్చి “బెంగుళూరులో అయితే సగం ధరకే” అన్నారు. గంటసేపు మాట్లాడారు. “నువ్వు ఏం కొయ్యాలనుకుంటున్నావు?” అని మాత్రం ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు.

నా పోట్లాటంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. గుమ్మడికాయకూ కొత్తిమీరకూ ఒకే కత్తి వాడే ఇల్లాలు ఉంటుందా? ఏం తరగాలో చూసుకుని కత్తి తియ్యడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. మగవాళ్ళు రంపం కొనేటప్పుడు బండి కొన్నట్టు కొంటారు, ఎంత శబ్దం చేస్తే అంత గొప్ప. వస్తువును పనిని బట్టి కొనే అలవాటున్న మనం మాత్రం “మాకేం తెలుస్తుంది” అని పక్కకు తప్పుకుంటాం.

నేనూ తప్పుకున్నదాన్నే. దాని ఫలితం చెబుతాను, వినండి.

నాలుగేళ్ళ కిందట మా వంటింటి అరలు మార్పించాం. వచ్చిన ఆచారి పనిమంతుడు, మాట మెత్తన. వసారాలో కూర్చుని చిన్న కటింగ్ మిషన్‌తో ప్లైవుడ్డు చకచకా కోస్తుంటే, కాఫీ గ్లాసు పట్టుకుని నేను ముచ్చటగా చూస్తూ నిలబడ్డాను. మూడో రోజు మధ్యాహ్నం ఆ మిషన్ పలకలోంచి ఎగిరి వెనక్కొచ్చింది. ఎడమచేతి బొటనవేలి పైకణుపు పోయింది. మా ఇంటి తువ్వాలు చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆ గచ్చును ఎన్నిసార్లు కడిగినా నా కంటికి మరక కనిపిస్తూనే ఉండేది.

“వాడు అజాగ్రత్తగా ఉన్నాడు” అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. తర్వాత ఆ మిషన్ గురించి అడిగి, చదివి తెలుసుకుంటే గాని అసలు సంగతి తెలియలేదు. అది చెక్క కోసే మిషనే కాదు! రాయి కోసేది.

మన సీమలో చెక్క తక్కువ, రాయి ఎక్కువ. తాడిపత్రి బండలు పరుచుకుంటాం, కడప బండలతో అరలు కట్టుకుంటాం, పల్లెల్లో బండల మిద్దెలే వేసుకున్నాం. కాబట్టి నాలుగంగుళాల మార్బుల్ కట్టర్ లేని మేస్త్రీ ఉండడు. అది చవక, తేలిక, ఎక్కడైనా దొరుకుతుంది. దానికే పళ్ళున్న చెక్క బ్లేడు బిగించి వడ్రంగులూ వాడేస్తున్నారు. మన దగ్గరే కాదు, దేశమంతటా ఇదే వరస.

దాంట్లో ప్రమాదం ఎక్కడుందో చూడండి. రాయి కోసే చక్రానికి పళ్ళుండవు, అది అరగదీస్తుంది. అందుకని ఆ మిషన్‌కు కిందివైపు మూత ఉండదు, సగం చక్రం ఎప్పుడూ బయటే ఉంటుంది. పైనున్న కాస్త రేకు మూత కూడా అడ్డమొస్తోందని చాలామంది పీకి పారేస్తారు. నిమిషానికి పన్నెండు పదమూడు వేల చుట్లు తిరిగే ఆ మిషన్‌కు పళ్ళున్న బ్లేడు పెడితే, పలక ఏ మాత్రం బిగుసుకున్నా పళ్ళు చెక్కను కరుచుకుంటాయి, మిషన్ ఎగిరి మనిషి మీదికొస్తుంది. చెక్క కోసమే చేసిన ఏడంగుళాల సర్కులర్ రంపం ఇలా ఉండదు. చుట్లు అందులో సగం కూడా ఉండవు. కింద స్ప్రింగు మూత ఉంటుంది, పలక మీద నుంచి లేపగానే దానంతటదే బ్లేడును కప్పేస్తుంది. రెండున్నర అంగుళాల మందం చెక్క దాకా తెగుతుంది. మార్బుల్ కట్టర్‌తో అంగుళం మీద మరికాస్త కోస్తే గొప్ప.

అజాగ్రత్త అంటే వేలు పోగొట్టుకున్నవాడిదేనా? ఆ బ్లేడును ఆ మిషన్‌కు బిగించి అమ్మినవాడిది కాదా? డబ్బు మిగిలిందని సంతోషించిన కాంట్రాక్టరుది కాదా? కాఫీ గ్లాసుతో నిలబడి చూసిన నాది కాదా? అమెరికాలో స్టీఫెన్ గాస్ అనే ఆయన, చదివింది ఫిజిక్సు, వృత్తి వకీలు, 1999లో ఓ ఉపాయం కనిపెట్టాడు. బల్ల రంపం పళ్ళకు ఒంటి చర్మం తగిలిన మరుక్షణం, సెకనులో వందోవంతు కూడా గడవకముందే, బ్లేడు ఆగిపోతుంది. మాంసపు ముక్కలతో పరీక్షలన్నీ అయ్యాక చివరికి తన వేలే పెట్టి చూపించాడు. అలాంటివి మన ఊరికి వస్తాయని నేననడం లేదు. ప్రమాదాన్ని తలరాత కింద జమకట్టడం సోమరితనమని మాత్రం అంటున్నాను.

సరే, కోపం కాస్త పక్కన పెట్టి ఓ కథ చెబుతాను. స్విట్జర్లాండులో సింటిల్లా అనే కంపెనీలో ఆల్బర్ట్ కౌఫ్‌మన్ అని ఓ ఇంజనీరు ఉండేవాడు. 1946లో ఒకనాడు ఆయన భార్య కుట్టుమిషన్‌లో సూది తీసేసి, దాని చోట సన్నటి రంపపు బ్లేడు బిగించి చెక్క కోసి చూశాడు. తెగింది! జిగ్‌సా అని మనం పిలిచే మిషన్ అలా పుట్టింది. మరుసటి ఏడు బజారులోకి వచ్చింది. తన మిషన్ గతి చూసి ఆ ఇల్లాలు ఏమని ఉంటుందో కుట్టుమిషనున్న ప్రతి ఆడదీ ఊహించుకోగలదు.

ఇంకో కథ కూడా ఉంది. గుండ్రటి రంపాన్ని 1813 ప్రాంతంలో అమెరికాలో టబిథా బాబిట్ అనే స్త్రీ కనిపెట్టిందంటారు. ఇద్దరు మగవాళ్ళు పెద్ద రంపాన్ని అటూ ఇటూ లాగుతుంటే, సగం లాగుడు వృథాయేనని గమనించి, రేకు చక్రానికి పళ్ళు కోసి తన రాట్నానికి తగిలించిందట. చరిత్ర రాసేవాళ్ళు దీన్ని పూర్తిగా ఒప్పుకోరు, 1777లోనే ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ అనే ఆయనకు గుండ్రటి రంపం మీద పేటెంటు ఉంది. ఒప్పుకోకపోతే మానె. కుట్టుమిషన్ కథ ఒక్కటి చాలు నాకు.

ఎందుకంటే జిగ్‌సాను చేతిలోకి తీసుకోగానే నాకు కొత్త అనిపించలేదు. కింద పాదం, మధ్యలో కిందికీ పైకీ ఆడే సూదిలాంటి బ్లేడు. కుట్టుమిషన్‌లో గుడ్డ కదులుతుంది, ఇక్కడ మిషన్ కదులుతుంది, అంతే తేడా. పాదం గట్టిగా ఆనించాలి. తొందరపడి తోస్తే అక్కడ సూది విరుగుతుంది, ఇక్కడ బ్లేడు వంగుతుంది. బ్లేడు పైకొచ్చేటప్పుడు కోస్తుంది కాబట్టి చెక్కులు పైముఖాన లేస్తాయి. అందుకని పలక అందమైన ముఖాన్ని కిందికి పెట్టి వెనకవైపు గీత గీసి కోయాలి. లోపలివైపు తిప్పి జాకెట్టు కుట్టిన చేతులకు ఇది ఒకరు చెప్పాలా?

కాబట్టి ఇంటికి మొదటి రంపం ఏదమ్మా అంటే, జిగ్‌సా అంటాను నేను. బరువు రెండు కిలోల చిల్లర. అయిదారు వందల వాట్లు చాలు. బ్లేడు మారిస్తే ప్లైవుడ్డు, పి.వి.సి. పైపు, పల్చటి రేకు అన్నీ కోస్తుంది. సింకు పైపు కోసం పలకలో గుండ్రంగా కన్నం చేయాలన్నా ఇది పనికొస్తుంది. బ్లేడు సన్నం కాబట్టి ఎగిరి మీదికొచ్చే భయం తక్కువ. లోపం కూడా చెప్పాలి కదా, పొడుగ్గా తిన్నగా కోయమంటే ఇది దారి తప్పుతుంది. పక్కన ఓ తిన్నని బద్ద క్లాంపులతో బిగించి దాని వెంట నడిపించాలి. పాత వేప వాసాలూ చింత మొద్దులూ దీనితో కోయబోకండి. చింత చెక్కకు పెద్ద రంపాలే పళ్ళు మొద్దుబారి దండం పెడతాయి.

తలుపులూ పెద్ద ప్లైవుడ్డు షీట్లూ కోసే పని నిజంగా ఉంటే అప్పుడు సర్కులర్ రంపం. కొనేటప్పుడు కింది మూతను వేలితో వెనక్కి లాగి వదిలిపెట్టి చూడండి. టప్పున మూసుకోవాలి. బద్ధకంగా మూసుకుంటే వద్దనండి. బ్లేడుకు ఎన్ని పళ్ళో అడగండి. ఇరవైనాలుగు పళ్ళదైతే గబగబా కోస్తుంది గాని అంచు గరుకు, ప్లైవుడ్డు అంచు నున్నగా రావాలంటే నలభై, అరవై కావాలి. మిషన్ ఒంటిమీద గడిలో గడి గుర్తు ఉందా చూడండి, డబుల్ ఇన్సులేషన్ అని అర్థం. షాపులోనే ప్లగ్గు పెట్టించి చేతిలో పట్టుకోండి. జరీని గోటితో గీకి చూసే మనం, మిషన్ దగ్గర మాత్రం అట్టపెట్టె మీద బొమ్మ చూసి ఇంటికి తెచ్చుకుంటే ఎలా?

కోసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. పలకను రెండు స్టూళ్ళ మీద వంతెనలా పెట్టి మధ్యలో కోస్తారు. సగం తెగగానే పలక కుంగి బ్లేడును నొక్కేస్తుంది, అంతే, రంపం వెనక్కి తంతుంది. తెగిపోయే ముక్క స్వేచ్ఛగా కింద పడేలా పెట్టుకోవాలి. బ్లేడు పలక కిందికి ఒక పన్ను లోతు దిగితే చాలు, అరచేయంత బయటికి ఉంచి కోయడం ధైర్యం కాదు, తెలివితక్కువ.

కరెంటు గురించి మనకు చెప్పేదేముంది? లో ఓల్టేజీకి బోరు మోటార్లు కాలిపోవడం అనంతపురంలో పసిపిల్లలకు తెలుసు. రంపంలో ఉన్నదీ మోటారే. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు ఇరవై గజాలు లాగి వాడితే అదీ అలాగే వేడెక్కి చస్తుంది. పెద్ద రంపానికి పదహారు ఆంపియర్ల ప్లగ్గు, మీటరు దగ్గర ముప్ఫై మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడిపోయే స్విచ్చు ఉండాలి. బ్యాటరీ రంపాలూ వచ్చాయి, కరెంటు పోయినా ఆగవు. బ్యాటరీ చచ్చిన రోజు దాని ధర విని మనం ఆగిపోతాం.

చెక్క పొడి ముక్కుకు క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. కొంగు అడ్డం పెట్టుకుంటే సరిపోదు, మాస్కు కావాలి, కళ్ళద్దాలు కావాలి. ఇక ఏడాదికి ఒకే ఒక్క పలక కోసేవాళ్ళు ఈ మిషన్లేవీ కొనక్కర్లేదు. మంచి చేతిరంపం చాలు. షాపువాడు అది మాత్రం చెప్పడు.

“చీర కట్టుకుని రంపమేమిటి, కొంగు చుట్టుకుంటే?” ఈ మాట నాకు ఎంతమంది చెప్పారో! నిజమే, కొంగు చుట్టుకుంటుంది. బిగించి దోపుకుంటాం. గాజులు తీసి జడ ముడి వేసుకుంటాం. మా ఆచారి లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. లుంగీ చుట్టుకుంటుందని అతనికెవరైనా చెప్పారా?

నా నవలల్లో నాయికలు వీణ వాయించారు, కారు నడిపారు, ఒకమ్మాయి విమానం కూడా ఎక్కింది. ఒక్కదాని చేతికీ రంపం ఇవ్వాలని నాకెందుకు తోచలేదో! షాపతన్ని అని లాభం లేదు.

ఇక చైన్ సా. నేను జిగ్‌సా బేరమాడుతుంటే “దీంతో పాటు ఇదీ తీసుకోండక్కా, ఆఫర్ ఉంది, తోటపనికి పనికొస్తాది” అని షాపతను చూపించాడు. ఇప్పుడవి గృహోపకరణాలట! మా వీధిలో ఒకరు కొన్నారు. వాళ్ళింటి ముందు ముప్ఫై ఏళ్ళ వేపచెట్టు. ఆకులు రాలి కారు మీద పడుతున్నాయని ఓ ఆదివారం పొద్దున మొదలుపెట్టారు, నేను ఇడ్లీ పిండి కలుపుకుని బయటికి వచ్చేసరికి చెట్టు లేదు. గొడ్డలి కాలంలో చెట్టు కొట్టాలంటే నలుగురు మనుషులు, ఒక పగలు కావాలి. ఆ పగలులో ఇంటి ముసలమ్మ అడ్డుపడేది, దారినపోయేవాడు “ఎందుకప్పా కొడ్తాండారు?” అని అడిగేవాడు, కొట్టేవాడికే చెయ్యి నొప్పి పుట్టి మనసు మారేది. ఈ మిషన్ మనసు మారే వ్యవధి ఇవ్వదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే మహాప్రసాదమనుకునే నేల ఇది. ఇక్కడ ఒక వేపచెట్టు నీడకు రావడానికి ఎన్ని బిందెల నీళ్ళు పోస్తే వస్తుందో పోసినవాళ్ళకు తెలుసు, పోసింది ఆడవాళ్ళే కాబట్టి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 5 ఎకరాల మేర అల్లుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిందని చుట్టాలకు చూపించి గర్వపడతాం. ఇంటికొచ్చి గుమ్మం ముందున్న చెట్టును కారు కోసం కొట్టేస్తాం. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది. చైన్ సా అమ్మే అట్టపెట్టె మీద ఆ సంగతి నేనైతే చూడలేదు. ఇంటికి అది అక్కర్లేదు. ఆఫరులో ఊరికే ఇచ్చినా అక్కర్లేదు.

“ఇవన్నీ మీరే చేసుకుంటే వడ్రంగి పొట్ట కొట్టినట్టు కాదా?” అని మావారు ధర్మసందేహం వెలిబుచ్చారు. అరగంట పనులకు అతను ఎలాగూ రాడు. పెద్ద పనులకు నేను పిలుస్తూనే ఉన్నాను. తేడా ఏమిటంటే, ఇప్పుడు మా గుమ్మం దాటి వచ్చే మిషన్‌ను నేను చూస్తాను. రాయి మిషన్‌కు చెక్క బ్లేడు ఉంటే మా ప్లగ్గులో పెట్టనివ్వను. పని జరిగేటప్పుడు ఇంట్లో ఉండేది మనం, ఆఫీసుకు వెళ్ళిన మగవాళ్ళు కాదు. కూలి రెండు రోజులు ఎక్కువవుతుందంటే అవనివ్వండి.

మొన్న ఆ ఆచారే వచ్చాడు, కూతురి పెళ్ళి పిలుపుకి. నేను చేసిన పుస్తకాల అరను వంగి చూశాడు. అంచు మీద చెయ్యి వేసి నిమిరాడు, ఆ సగం బొటనవేలితోనే. “కొంచెం వంకర పొయ్యిందమ్మా ఇక్కడ” అన్నాడు. పోయింది, ఒప్పుకున్నాను. పక్కన బద్ద బిగించుకోవడం బద్ధకించాను. పెరటి తలుపు చూపించి దీన్ని ఎంత కోయాలి అని అడిగాను. ఎండాకాలం కొలత నమ్మొద్దన్నాడు. వాన పడ్డాక చెక్క ఉబ్బుతుంది, అప్పుడు గడపకు ఎక్కడ రాసుకుంటోందో చూసి పెన్సిలుతో గీసుకుని, ఆ గీత వరకే కోయమన్నాడు.

పెన్సిలు తలుపు గొళ్ళానికి దారంతో కట్టి పెట్టాను. వాన ఇంకా పడలేదు.